గొర్రెపిల్ల మీద సున్నం

పోయిన వారం మనం రాజమణిని శ్మశానం గేటు ముందు, మే నెల ఎండలో నిలబెట్టి వెళ్లిపోయాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. రాత్రంతా ప్రసూతి ఆసుపత్రిలో ఆయా డ్యూటీ చేసి, ఇంటికి పోయి అత్త నోట్లో ఇంత గంజి పోసి, మొగుడు ఇశ్రాయేలును వెంటబెట్టుకుని వచ్చిన మనిషి. కూర్చుంటే నిద్రపోతానని భయపడి నిలబడే ఉంది.

సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అత్త మాణిక్యమ్మ మంచం పట్టి రెండేళ్లు దాటింది. డాక్టరు మందులు రాయడం మానేసి, ఆమెకు ఇష్టమైనవి పెట్టమన్నాడు. ఆమెకు తిండి మీద ఇష్టం లేదు. ఒక్కటే అడుగుతోంది. తాను పోయాక ఈ శ్మశానంలోనే, దొరల తోటలో, మొగుడి తాత గోరీ పక్కన పెట్టాలట. కోడలి చేత ఒట్టు కూడా వేయించుకుంది. చర్చి కమిటీ చూస్తే, తోటలో ఇక చోటు లేదని తీర్మానం చేసి కూర్చుంది. లోపల పాత సమాధి ఉన్న కుటుంబాలకు మాత్రం దాని పక్కన చోటిస్తారు. కానీ ఆ సమాధి తమదేనని వాళ్లు రుజువు చెయ్యాలి. అది చూడడానికే కమిటీ సెక్రటరీ ఆనందరావు గారు ఇవాళ వస్తానన్నారు.

వచ్చారు. సంతోష్‌నగర్ నుంచి రిక్షాలో, గొడుగు వేసుకుని. గుంటూరు వైపు మనిషి, ఏదో ప్రభుత్వ ఆఫీసులో సూపర్నెంటు. చెడ్డవాడని చెప్పడానికి లేదు. ఏడాది కిందట భార్య పోయింది. అప్పట్నుంచి చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకోటి పెట్టుకుని తిరుగుతున్నారు, చెప్పేవాళ్లు లేక.

దొరల తోట యాకుత్‌పురా స్టేషన్ వెనక ఉంది. రైలు లైను వేయడానికి వచ్చిన తెల్లదొరలు తమ వాళ్లను పూడ్చుకోవడానికి కట్టుకున్న ప్రహరీ అది. దొరలు వెళ్లిపోయాక చర్చి చేతికి వచ్చింది. ఇప్పుడు లోపల వేపచెట్లు, విరిగిన శిలువలు, ఎవరివో మేకలు. గోడ అవతల బండి వెళ్తే ఇవతల ఎండుటాకులు లేచి మళ్లీ అక్కడే పడతాయి.

తాత గోరీ ఒక మూలన ఉంది. నడుమెత్తు రాయి. రాయి అనడమే గానీ, దాన్ని రాయిగా చూసినవాళ్లు బస్తీలో ఎవరూ లేరు. అది సున్నపు ముద్ద. ఏటా నవంబరులో సమాధుల పండుగకు ఆ ఇంటి కోడలు మొఘల్‌పురా నుంచి సున్నం తెచ్చి, నానబెట్టి, దానికి పూత వేస్తుంది. ఎవరైనా పాత పూత గీకి కొత్తది వేస్తారు. ఈ ఇంట్లో అలా కాదు. గీకకూడదు, పైనుంచే వెయ్యాలి. రాజమణి కాపురానికి వచ్చిన ఏడాది మాణిక్యమ్మ ఆమె చేతికి కుంచె ఇచ్చి మొట్టమొదట చెప్పిన మాట అదే. ఎందుకని అడిగితే, "మా అత్త నాకు చెప్పింది, నేను నీకు చెప్తున్న" అంది. దాంతో పూత మీద పూత పడి, అక్షరాలన్నీ పూడిపోయి, రాయి లావెక్కి కూర్చుంది.

దాని నెత్తిన ఒక గుండ్రటి బొడిపె. అది తాత తలపాగా అని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇశ్రాయేలు ముత్తాత దొర దగ్గర మేస్త్రీ అట. రైలు కట్ట వేయించాడట. ఆయన పోతే దొర స్వయంగా పాగాతో సహా ఈ రాయి చెక్కించాడట. రైల్వేలో ఖలాసీగా చేస్తున్న ఇశ్రాయేలు ఈ కథ చెప్పని మనిషి కల్లు దుకాణంలో ఒక్కడూ లేడు.

"ఇదేనా?" అన్నారు ఆనందరావు గారు.

"ఇదే సార్. చూడుండ్రి, పాగ. గీ తోటల పాగ ఉన్న గోరీ ఇంకోటి చూపియ్యుండ్రి, నేను తల్వంచుకొని పోత."

"పాగా సరే బ్రదర్. పేరేదీ?"

"సున్నం కింద ఉన్నది."

"అయితే సున్నం తియ్యండి. మీ వాళ్ల పేరు కనబడితే ఇక్కడికిక్కడే సంతకం పెట్టేస్తాను."

ఇశ్రాయేలు పెళ్లాం వైపు చూశాడు. కష్టం వచ్చినప్పుడల్లా అతను చూసేది అటే.

"గీకొద్దు సార్," అంది రాజమణి. "మా అత్తకు తెలిస్తే గిప్పుడే పానం ఇడుస్తది. ఇన్నేండ్ల సంది సున్నం ఏస్తున్నం, బస్తీ అంత చూస్తున్నది. మా మాట మీద ఇయ్యరాదా?"

"మీ మాట మీద మీకిస్తే, రేపు ఇంకొకళ్లు వాళ్ల మాట మీద అడుగుతారమ్మా. వాళ్లకేం చెప్పను?"

నిద్రలేమి, ఎండ, ఆకలి అన్నీ కలిసి రాజమణి నెత్తికెక్కాయి. తాత రాయికి కుడిపక్కన, దాన్ని ఆనుకునే, కొత్త సిమెంటు సమాధి ఉంది. దాని మీద ప్లాస్టిక్ పూలు ఎండకు వెలిసిపోయాయి. సుందరమ్మ అని పేరు. ఆనందరావు గారి భార్య.

"నిరుడు ఈమెకు జాగ దొరికింది గద సార్. మా గోరీని ఆనుకొనే పెట్టిన్రు. గప్పుడు మమ్ముల ఒక్క మాట అడిగిన్రా? అడగలే. మేం లొల్లి చేసినమా? చెయ్యలే. మా అత్తకు గూడ చెప్పలే, ఊకె రంది పడ్తదని. మీ ఇంటామెను పెట్టుకున్నంక తలుపు బందు చేసిన్రు. మా ముసల్దానికేమో రుజువు కావాలె."

అన్నాక ఆమెకే సిగ్గేసింది. ఆనందరావు గారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఆయన గొడుగు మడిచి, అది ఊతకర్ర అన్నట్టు దాని మీద బరువు మోపి నిలబడ్డారు.

"నిజమేనమ్మా. సుందరి పోయిన రోజు నాకు బుర్ర పనిచెయ్యలేదు. వాళ్లెక్కడ తవ్వితే అక్కడ పెట్టాను. తర్వాత మీటింగులో ఇక చోటు లేదని లేచి చెప్పింది కూడా నేనే. నన్ను తిట్టినవాళ్లలో మీరు మొదటివారు కాదు. అయినా రూలు రూలే. పేరు చూపించండి."

ఇశ్రాయేలు రైల్వే షెడ్డు నుంచి తెచ్చిన ఇనుప పట్టీ చేతిలో పట్టుకుని, తల్లి చెయ్యి తెగ్గొయ్యమని ఎవరో చెప్పినట్టు నిలబడి ఉన్నాడు. రాజమణి అది లాక్కుంది.

"ఇయ్యి ఇటు. ఏసింది నేను, గీకేది గూడ నేనే."

ఒకసారి పట్టు దొరికాక సున్నం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అడుగున ఇంకో పూత, దాని అడుగున ఇంకోటి. అందులో అత్త చేతి పూతలేవో తనవేవో ఆమెకు తెలియలేదు. సున్నం నానబెట్టినప్పుడల్లా వేళ్ల సందుల్లో పుళ్లు పడేవి. వారం పాటు అన్నం కలుపుకోవాలంటే మంట. ఆ మంటలన్నీ ఇప్పుడు ఆమె కాళ్ల దగ్గర పొడిపొడిగా రాలుతున్నాయి. ఏడుపు రావాల్సిన చోట ఆమెకు ఆవులింత వచ్చింది. అంత అలిసిపోయి ఉంది.

పాగా దగ్గరికి వచ్చేసరికి పెద్ద పెచ్చు ఒకటి కింద పడింది.

"చెవి!" అని అరిచాడు ఇశ్రాయేలు. "తాత చెవి! నేను చెప్పలే సార్!"

చెవే. కానీ పక్కకు వాలిన చెవి. రాజమణి ఇంకొంచెం గీకింది. సన్నటి మూతి బయటపడింది. తర్వాత మడుచుకున్న ముందుకాళ్లు. తర్వాత ఉంగరాలు తిరిగిన ఉన్ని. తలపాగా ఉండాల్సిన చోట ఒక పాలరాతి గొర్రెపిల్ల, అమ్మ ఇప్పుడే వస్తానని చెప్పిపోతే పడుకున్నట్టు, తల పక్కకు పెట్టుకుని పడుకుని ఉంది.

ఒక మేక వచ్చి దాన్ని చూసి పోయింది.

"ఇది పసిపిల్లల సమాధి బ్రదర్," అన్నారు ఆనందరావు గారు. "చంటిపిల్లలు పోతే దొరలు రాయి మీద గొర్రెపిల్లను పెట్టిస్తారు."

ఆయన జేబురుమాలు తీసి, మోకాళ్ల మీద కూర్చుని, అక్షరాల్లో ఇరుక్కున్న సున్నం మెల్లగా తుడిచారు. ఆ ముగ్గురిలో ఇంగ్లీషు వచ్చింది ఆయనకే. ముందు తనలో తాను చదువుకుని, తర్వాత తెలుగులో చెప్పారు. "ఎమిలీ గ్రేస్. రైల్వే ఇంజనీరు టామస్ హార్కర్ గారి ఒక్కగానొక్క కూతురు. మూడేళ్ల పిల్ల. పద్దెనిమిది వందల తొంభై తొమ్మిది."

"కింద?"

"అంతే. ఇంకేం లేదు."

"సరిగ్గ సదువుండ్రి సార్. మా తాత పేరు ఏడనో ఉంటది. చిన్న అక్షరాలల్ల ఉంటది."

ఆయన మళ్లీ చదివారు. వెనక్కి వెళ్లి వెనకవైపు కూడా చూశారు. ఇశ్రాయేలు రాయి పక్కన కూలబడ్డాడు. చిన్నప్పట్నుంచీ ఛాతీ విరుచుకుని నడిచింది ఆ పాగాను చూసుకునే. నెలజీతానికి ఖలాసీ గ్యాంగులో పని, తిట్టే మేస్త్రీలు, పైకప్పు కారే ఇల్లు, ఇన్నిటి మధ్య అతనికి ఉన్నది ఆ రాతి తాత ఒక్కడే. ఇప్పుడు ఆయన స్థానంలో ఎవరో దొర బిడ్డ. "గంత మందికి చెప్పిన గద," అని గొణిగాడు. ఆ తర్వాత లేచి గేటు దాటి వెళ్లిపోయాడు. ఎటు పోయాడో మీకు చెప్పనక్కర్లేదు.

"ఆదివారం కమిటీలో నేను ఉన్నదే చెప్పాలమ్మా," అన్నారు ఆనందరావు గారు, తప్పు తనదైనట్టు.

"చెప్పుండ్రి సార్." ఆమెకు ఇక పోట్లాడే ఓపిక లేదు. కొంగుతో చేతులు తుడుచుకుని ఇంటిదారి పట్టింది. డ్యూటీ సంచి రాయి దగ్గరే మరిచిపోయింది.

దారంతా ఒకటే ఆలోచన. ముసలామెకు అబద్ధం చెప్పేద్దాం. జాగా ఇస్తామన్నారని చెబితే హాయిగా కళ్లు మూస్తుంది. మూశాక ఏ శ్మశానమైతేనేం, ఆమెకేం తెలుస్తుంది? ఆసుపత్రిలో రోజూ చెప్పే అబద్ధాల్లో ఇదొకటి. బిడ్డ బాగానే ఉందమ్మా, నువ్వు పడుకో, అని ఎందరికి చెప్పలేదు?

మాణిక్యమ్మ మెలకువగానే ఉంది. దుప్పటి తన్నేసుకుంది. ఎడమకాలి వెండి కడియం మంచం పట్టెకు తగిలి చప్పుడు చేస్తోంది. ఆమెకున్నది ఒక్క కాలికే కడియం. ఎండిపోయిన కాలికి అది కూడా జారిపోతోంది. రెండోదేమైందని అడిగితే, "ఉండాల్సిన కాడ ఉన్నది" అనేది ఎప్పుడూ. అమ్మి తిన్నారేమో, చెప్పుకోవడానికి నామోషీ కాబోలని రాజమణి మళ్లీ అడగలేదు.

"జాగ ఇస్తమన్నరత్తా. ఫికర్ చెయ్యకు," అంది దుప్పటి సర్దుతూ.

మాణిక్యమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. చూపు ఆనలేదో ఏమో, వాసన చూసింది.

"పండుగ గాదు ఏం గాదు. గోర్లల్ల గీ సున్నమేందే?"

రాజమణి చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"గీకిన్రా?" అంది ముసలామె. ఆ చెయ్యి వదలకుండానే, మెల్లగా, "గొర్రెపిల్ల కనబడ్డదా?"

రాజమణి మంచం పట్టె మీద కూలబడింది. "నీకెర్కనా అత్తా?"

"ఎర్కనే. నేను పోయే ముంగట నీకు చెప్పాలె. మా అత్త ఆగమ్మ నాకు గట్లనే చెప్పింది. ఇయ్యాల రేపు అనుకుంట ఆలిశం చేసిన. చెప్తే సావు దగ్గరికొచ్చినట్టే గద, గందుకు నోరు రాలే. జర నీళ్లియ్యి."

నీళ్లు సగం గొంతులోకి, సగం దిండు మీదికి పోయాయి. మాణిక్యమ్మ కళ్లు మూసుకునే చెప్పింది, ఆగి ఆగి, ఊపిరి చాలినంత మేరకు.

"ఆడ తాత లేడు. తాత ఏడనో లైన్ల పోయిండు. ఆడ ఉన్నది నీలమ్మ, తాత పెండ్లాం. నీ లెక్కనే ఆయా. దొర బిడ్డను సాదింది. గత్తరొచ్చి, గదే కలరా, పిల్లను పట్టుకున్నది. దొరసాని భయానికి దగ్గరికి రాలే. నీలమ్మనే ఒళ్లె పండవెట్టుకున్నది. పిల్ల పొద్దుగాల పోయింది, ఈమె పొద్దూకి పోయింది. గత్తర పీనుగని ఎవ్వలు రానియ్యలే. దొరల తోటల మనోళ్లను పెట్టనియ్యరు. తాత ఏం చేస్తడు? పిల్లను పెట్టిన కాడ మన్ను ఇంక పచ్చిగుండె. దాని పక్కకే తవ్వి పెండ్లాన్ని పెట్టిండు. గత్తరకు సున్నం జల్లుతరు గద, రెండిటి మీద కలిపి జల్లిండు. కొత్త మన్ను ఎవలకు కనవడలే."

"మరి రాయి?"

"రాయి తర్వాతొచ్చింది. దొర నిలవెట్టి దేశం పోయిండు. గా రాయి మీద పేరు కనవడ్తే, దొర పిల్ల గోరీకాడ మీకేం పనని అడుగుతరు. పేరు కనవడకుంటే రాయి మనదే అనుకుంటరు, పక్క మన్ను గూడ మనదే అనుకుంటరు. గందుకే గీకొద్దనేది."

"పాగ అని చెప్పిన్రు గద!"

"మొగోళ్లకు ఏదో ఒకటి చెప్పాలె గదనే. నిజం చెప్తే కల్లు దుకాన్ల కక్కుతరు. పాగ అన్నం, నమ్మిన్రు." మాణిక్యమ్మ నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గేదాకా రాజమణి వీపు రాసింది. ఆ వీపులో ఇప్పుడు ఎముకలు తప్ప ఏమీ లేవు.

"మా అత్త పర్భణి దిక్కు పోయింది, ఆడనే పెట్టిన్రు. నా పెనిమిటి కాజిపేటల. రైలోళ్లకు సావు ఏడొస్తే ఆడనే గోరీ. పోయేటప్పుడు ఆగమ్మ నా చెయ్యి పట్టుకొని అన్నది. నీలమ్మ ఒక్కతే ఉన్నదే, పేరు లేదు, రాయి లేదు, నువ్వన్న పక్కకు పో అన్నది. నేను సరేనన్న. గందుకే గింత బతిలాడుతున్న, ఇంకేం లేదు."

ఇన్నేళ్లూ ఎవరి పిల్లకో సున్నం వేశామని లోలోపల కుమిలిన రాజమణికి ఇప్పుడు గుండె కాస్త కుదుటపడింది. మరుక్షణం ఇంకో మాట తట్టి మళ్లీ జారింది.

"ఏ దిక్కున పెట్టిన్రత్తా? నీలమ్మను?"

"రాయికి కుడి దిక్కు. ఆనుకొనే."

సిమెంటు సమాధి. వెలిసిన ప్లాస్టిక్ పూలు. ముసలామె కోడలి ముఖం చూడలేదు, తన కాలి వైపు చెయ్యి చాపింది.

"కుడికాలి కడియం తోటే పెట్టిన్రు. పిల్ల ఎప్పుడు దాన్ని పట్టుకొని ఆడుతుండెనట. తీయబుద్ధి గాలేదట తాతకు. ఎడమకాలిది కోడండ్లకొచ్చింది. నేను పోయినంక నువ్వు తొడుక్కో."

గుమ్మం దగ్గర ఏదో కదిలింది. రాజమణి తల తిప్పింది. ఆనందరావు గారు. చెప్పులు బయట విడిచి, ఆమె డ్యూటీ సంచి రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎంతసేపట్నుంచి ఉన్నారో తెలియదు. ముఖం చూస్తే చాలాసేపే అయినట్టుంది.

"సంచి మరిచిపోయారు..." అన్నారు. సంచి ఇవ్వలేదు. ఆయన కళ్లు మాణిక్యమ్మ కాలి మీద ఉన్నాయి. మెల్లగా వచ్చి మంచం కాళ్ల దగ్గర, వట్టి నేల మీద కూర్చున్నారు.

"ఆదివారం ఏం చెప్తరో చెప్పుండ్రి సార్," అంది రాజమణి నీరసంగా. "దొంగతనంగ పెట్టిన్రంటరా, అనుండ్రి."

ఆయన విన్నట్టు లేదు. వేలితో కడియాన్ని ముట్టబోయి ఆగిపోయారు. "ఈ మెలిక," అన్నారు. "ఈ చివర పువ్వు మొగ్గ. దీని జత మా ఇంట్లో ఉందమ్మా."

"ఏంది సార్?"

"గుంట తవ్వినవాడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. మట్టిలో దొరికింది, ఎముకలు కూడా ఉన్నాయన్నాడు. పాత శ్మశానం కదా ఉంటాయిలే, అడుగునే సర్దెయ్యమన్నాను. నాకు ఆ పూట ఇంకేం పట్టలేదు. కడియం మాత్రం పారెయ్యబుద్ధి కాలేదు. బీరువాలో సుందరి చీరల మధ్య పెట్టాను. అప్పుడప్పుడు తీసి చూస్తుంటాను, ఎవరిదో అని." ఆయన సంచి నేల మీద పెట్టారు. "మీ నీలమ్మ గారి మీదే మా సుందరిని పడుకోబెట్టాను."

రాజమణి గబుక్కున ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయింది. ఆలస్యమైంది. రెండేళ్లుగా పక్క మీంచి తల ఎత్తని మాణిక్యమ్మ మోచేతుల మీద బరువు మోపి లేచి కూర్చుంటోంది. కడియం జారి నేల మీద పడి, ఆనందరావు గారి మోకాలి దాకా దొర్లి ఆగింది. ముసలామె దాన్ని చూడలేదు. కోడలి ముఖంలోకే చూస్తోంది.

"రాజమణీ," అంది. "నా జాగల ఎవలను పెట్టిన్రే?"